చెన్నపురి గవర్నరు పీఠముపై నొక యాంధ్రుడు

వలసరాజ్యములకు గవర్నరులైనవారిలో సైనికులును, ఉద్యోగులునే గాక, ప్రజల వోట్లచే పైకి వచ్చిన రాజకీయవేత్తలును గలరు. అమెరికాలో డిట్రాయిట్ నగర మేయరుగా నుండిన ఫ్రాంక్ మర్ఫీ 1933లో ఫిలిప్పీన్ ద్వీపములకు గవర్నరు జనరలుగా నియమింపబడెను. ఆయన పాలింపబోయినది పరదేశము. స్వదేశముననే పరప్రభువుల పేర గవర్నరయిన యాంధ్రుడు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. వీరి చరిత్రమునందు విచారింపదగిన విషయమొకటి గలదు.

1875లో జన్మించిన వీరు న్యాయవాదవృత్తి నుండి జస్టిస్ పక్షమున చేరి, 1919లో బ్రాహ్మణేతరులకు ప్రత్యేక ప్రాతినిధ్యము కోరుచు ఇంగ్లండు వెళ్లిరి. 1920 డిసెంబరున ద్వంద్వప్రభుత్వ మేర్పడగా అభివృద్ధిశాఖకు మంత్రులైరి. ఆ పద్ధతిలో వ్యవసాయము, పరిశ్రమలు మున్నగునవి మంత్రులకు వదలబడినవి. ఆర్థికము, పోలీసు, భూమిశిస్తు గవర్నరు చేతిలోనే నిలిచినవి. 1929 మొదలు 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వపు ఏజెంటుగా నుండి, పిదప చెన్నపురి గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యులైరి.

1936లో గవర్నరు ఎర్స్కిన్ ప్రభువు సెలవుపై వెళ్లగా, జూను నుండి అక్టోబరు వరకు నాయుడు గారు తాత్కాలికముగా గవర్నరైరి. అంతకుముందు 1934లో సర్ మహమ్మదు ఉస్మాన్ గారు అట్లే వ్యవహరించి యుండిరి. మంత్రిగా ఏ యధికారమునకు లోబడి పనిచేసిరో, ఆ యధికారమే నాయుడు గారి చేతికి వచ్చినది. కాని యది ప్రజలిచ్చినది కాదు.

ఈ భేదము మరుసటి యేటనే బయల్పడెను. 1937 ఎన్నికలలో శాసనసభ యందలి 215 స్థానములలో 159 కాంగ్రెసునకు దక్కెను. గవర్నరు తన ప్రత్యేకాధికారములతో జోక్యము చేసికొనడని హామీ లభింపనందున కాంగ్రెసువారు మంత్రిపదవులు స్వీకరింపరైరి. అప్పుడు ఎర్స్కిన్ ప్రభువు నాయుడు గారినే ప్రధానమంత్రిగా నియమించెను. ఏప్రిలు 1న ఏర్పడిన యా మంత్రివర్గమునకు సభలో సంఖ్యాబలము లేదు. కాంగ్రెసు సమ్మతింపగనే జూలై 14న రాజగోపాలాచారి గారికి చోటు విడిచి వైదొలగవలసి వచ్చెను. నాయుడు గారు 1940లో అన్నామలై విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1942లో మరణించిరి.

ఇందు లోపము వారి సామర్థ్యమున గాదు, అధికారము పుట్టిన చోటనే యున్నది. పైనుండి దిగివచ్చిన పదవికి సభామోద మక్కఱలేదు. కావుననే సభకు బాధ్యత వహింపవలసిన పదవిలో అది నిలువలేదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము గవర్నరు సాధారణముగా మంత్రిమండలి సలహాపై నడువవలెనని నియమించినది. ఆ నియమ మెంత యవసరమో తెలిసికొన గోరువారికి 1937 నాటి యా మూడున్నర మాసములు చాలును.