విశ్వాసమే మనిషికి తన చిరునామా

“నేను ఎవరిని?” అన్న ప్రశ్న ప్రతి మనిషికీ ఎదురవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ముస్లిమ్ యువకునికి అది మరింత పదునుగా ఎదురవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాలలోనూ ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. బడిలో, బజారులో అతడు మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. హైదరాబాదు వెళితే అతని ఉర్దూలో తెలుగు యాస ఉందని నవ్వుతారు. సొంత ప్రాంతంలోనే, పేరు విన్నవారు అతని తెలుగుకు ఆశ్చర్యపోతారు. రెండుచోట్లా అతిథిగా మిగిలిన వ్యక్తి తన ఉనికిని దేనిమీద నిలుపుకోవాలి?

కొందరు గతవైభవాన్ని చూపుతారు. శ్రీకాకుళం ఒకనాడు చికాకోల్ సర్కారుకు ముఖ్యపట్టణం. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ జామియా మసీదు కట్టించాడు. అయితే 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. ఆపై ఆసఫ్‌జాహీలు, 1753లో ఫ్రెంచివారు, 1766 ఒడంబడికతో ఇంగ్లీషు కంపెనీ ఈ సీమను ఏలారు. ఫౌజ్‌దారీ పోయింది, మసీదులో నమాజు మాత్రం నిలిచింది. అధికారాన్ని ఆధారం చేసుకున్న గుర్తింపు అధికారంతోనే అస్తమిస్తుందనడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కరలేదు. పైగా ఇక్కడి ముస్లిములందరి పూర్వికులూ ఫౌజ్‌దారులు కారు. చేతిపనులతో, కూలినాలితో బ్రతికినవారి సంతానం తన పరిచయాన్ని ఏ కోటలో వెతుక్కోవాలి?

మరికొందరు వంశాన్ని చూపుతారు. మానవులందరినీ ఒకే స్త్రీపురుషుల నుండి పుట్టించామనీ, జాతులూ తెగలూ పరస్పర పరిచయం కోసమేననీ, దైవభీతి (తఖ్వా) గలవారే అల్లాహ్ వద్ద గౌరవనీయులనీ హుజురాత్ సూరా 13వ ఆయత్ స్పష్టం చేసింది. అంటే వంశం పరిచయానికి పనికివస్తుంది. విలువ కట్టడానికి పనికిరాదు.

“తన్ను తాను తెలుసుకున్నవాడు తన ప్రభువును తెలుసుకున్నట్లే” అన్న మాట జనంలో హదీసుగా ప్రచారమైంది. అది దైవప్రవక్త (స) వచనమని రుజువు కాలేదని ఇమామ్ నవవీ వంటి పండితులు చెప్పారు. దివ్యఖుర్ఆన్ హష్ర్ సూరా 19వ ఆయత్‌లో ఈ సంబంధాన్ని మరో దిశనుండి చూపింది: అల్లాహ్‌ను మరచినవారు తమను తామే మరచిపోయేలా చేయబడతారు. ఇందులో లోతైన మానసిక సత్యముంది. మనుషుల మెప్పునే అద్దంగా చేసుకున్నవాడు మనిషికొక రూపం ధరిస్తాడు. చివరకు తన అసలు రూపమేదో అతనికే తెలియదు. ఒక్క ప్రభువు ఎదుటే జవాబుదారీనని నమ్మినవాడు దుకాణంలోనూ, కార్యాలయంలోనూ, ఏకాంతంలోనూ ఒక్కడుగానే ఉంటాడు. రోజుకు ఐదుసార్లు నమాజు అతనికి ఈ సంగతినే గుర్తుచేస్తుంది: నీవు దాసుడవు, కాని అల్లాహ్‌కు మాత్రమే.

మరి విశ్వాసం మనిషి భాషనూ, ఊరినీ చెరిపివేస్తుందా? సహాబాల పేర్లే దీనికి సమాధానం. సల్మాన్ పర్షియావారు, బిలాల్ అబిసీనియా సంతతివారు, సుహైబ్ రోము రాజ్యంలో పెరిగినవారు. ఫార్సీ, హబషీ, రూమీ అన్న బిరుదులను ఇస్లామ్ తుడిచివేయలేదు. వంశమడిగితే తాను ఇస్లామ్ పుత్రుడనని సల్మాన్ (రజి) చెప్పినట్లు ఉల్లేఖనాలున్నాయి. అయినా ఆయన నేటికీ సల్మాన్ ఫార్సీయే. భాషల, రంగుల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని రూమ్ సూరా 22వ ఆయత్, ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే సందేశమిచ్చాడని ఇబ్రాహీమ్ సూరా 4వ ఆయత్ తెలుపుతున్నాయి. కనుక తెలుగు మాట్లాడటం ఈమాన్‌లో లోపం కాదు. ఇరవయ్యవ శతాబ్ది ప్రథమార్ధంలోనే ఖుర్ఆన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు ఈ ఉత్తరాంధ్ర సీమ బిడ్డే. ఆయన ముస్లిమ్ కాదు. ఆ గ్రంథాన్ని తెలుగువారికి అందించాలన్న తపన ఉన్న భాషావేత్త.

విశ్వాసాన్ని ఆధారం చేసుకుంటే ఇరుగుపొరుగుకు దూరమవుతామన్న శంక కూడా నిలవదు. నిసా సూరా 36వ ఆయత్ తల్లిదండ్రులతో, అనాథలతో పాటు బంధువైన పొరుగువానికీ, పరాయి పొరుగువానికీ మేలు చేయమంటుంది. పొరుగువాని హక్కును చెల్లించడం ఆ దాస్యంలో భాగమే. తానెవరో తెలియనివాడు పొరుగువానిని చూసి భయపడతాడు, లేదా అనుకరిస్తాడు. తెలిసినవాడు అతనికి తోడుగా నిలబడతాడు. నాగావళి ఒడ్డున పుట్టిన యువకుడు తెలుగువాడుగా, ముస్లిముగా తల ఎత్తుకుని నడవడానికి ఎవరి ధ్రువపత్రమూ అవసరం లేదు. అల్లాహ్ ఎదుట మాత్రం తల వంచడం తెలిస్తే చాలు.