మద్యం ముట్టని ఇంట కాలేయ వ్యాధి

మా మస్జిద్‌లో ఎప్పుడూ మొదటి వరుసలో నిలిచే ఒక దర్జీ సోదరుడు కొంతకాలం జమాఅత్‌కు రావడం తగ్గించారు. విచారిస్తే, స్కానింగ్‌లో ఆయన కాలేయానికి కొవ్వు పట్టినట్లు తేలిందట. ఆయన సన్నని మనిషి; మద్యం వాసన ఎరుగరు. అయినా “చాటుగా తాగుతున్నాడేమో” అన్న గుసగుస ఆయన చెవిన పడింది. వ్యాధి కంటె ఆ మాటే ఆయనను ఎక్కువగా కుంగదీసింది.

తోటి విశ్వాసి విషయంలో దురనుమానాలకు పోరాదని దివ్యఖుర్ఆన్ (49:12) హెచ్చరిస్తున్నది. మద్యం కాలేయాన్ని చెరుస్తుందన్నది నిజమే. కాని మద్యంతో నిమిత్తం లేకుండానే ఈ వ్యాధి నేడు ఎందరికో వస్తున్నది. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించగా, నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నదని 2025లో వెలువడిన అధ్యయనం తెలిపింది. గంటల తరబడి కూర్చొని పనిచేయడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

సన్నగా ఉన్నవారికి కొవ్వు ఎలా చేరుతుంది? మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెరలో అధిక భాగాన్ని స్వీకరించేవి కండరాలు. కండ తక్కువై, ఉన్న కండకు పని లేకపోతే మిగిలిన చక్కెర భారం కాలేయంపై పడుతుంది. కాలేయం దానిని కొవ్వుగా మారుస్తుంది. పొట్టలోపల పేరుకున్న కొవ్వు కూడా కాలేయానికే చేరుతుంది. కాలేయంలో కొవ్వు నూటికి 5 పాళ్లు మించితే వ్యాధిగా పరిగణిస్తారు. చేతులు, కాళ్లు సన్నగా ఉండి నడుము మాత్రం పెరగడం మన దేశీయులలో తరచుగా కనిపిస్తుంది. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము ఒక హెచ్చరిక. వ్యాధి ముదిరితే కాలేయం గట్టిపడుతుంది, కండ మరింత కరిగిపోతుంది.

ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే కురిసే మన అనంతపురం సీమలో, పెద్దలు రాగిసంగటి, కొర్రన్నం, ఉలవచారు తిని మెట్టచేలలో రోజంతా శ్రమించేవారు. నేడు పళ్లెంలో తెల్లన్నం పెరిగింది, శ్రమ తగ్గింది. కాలితో తొక్కే కుట్టుమిషనుకు కూడా మోటారు వచ్చింది.

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానికి మనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. వారానికి 150 నిమిషాలైనా వడిగా నడవాలి. రెండు రోజులు బరువులెత్తే శ్రమ చేయాలి. అన్నం తగ్గించి పప్పు, ఉలవలు, గుడ్డు, పెరుగు పెంచాలి. ఇఫ్తార్‌లోనూ, దావతులలోనూ తీపి షర్బత్‌లకు, వేపుళ్లకు హద్దు ఉండాలి. స్థూలకాయులు బరువులో నూటికి 7 నుండి 10 పాళ్లు తగ్గితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. సన్నగా ఉన్నవారు మాత్రం పస్తులుండి కండను పోగొట్టుకోరాదు. తెలియని పసరు మందులు కాలేయానికే ముప్పు తేవచ్చు. వైద్యుని సలహా తప్పనిసరి.

రోగిని పరామర్శించడం ముస్లింపై ముస్లింకు గల హక్కు. మేము కొందరం ఆ దర్జీ సోదరుని ఇంటికి వెళ్లాము. ఇప్పుడు ఫజ్ర్ నమాజు తరువాత ఆయనతో కలిసి ఊరి చెరువుకట్ట వరకు నడుస్తున్నాము. ఆయన మళ్లీ మొదటి వరుసలో నిలుస్తున్నారు.