కోట్ల కారు... మన హైవే
ధరలో సగానికి పైగా సుంకాలు, పన్నులే! వేగానికి రోడ్డు చాలదు... కొనేవారు కాగితాలు చూడాలి

నందిగామ: హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై చిల్లకల్లు టోల్‌ప్లాజా వద్ద సిమెంటు లారీలు, మిర్చి బస్తాల వ్యాన్లు, ఆర్టీసీ బస్సుల నడుమ అప్పుడప్పుడు నేలకు ఆనుకున్నట్లుండే విదేశీ కారు ఒకటి వచ్చి ఆగుతుంది. టోల్ రుసుము మాత్రం దానికీ, మన ఊరి మారుతీకీ ఒక్కటే. కుర్రకారు సెల్‌ఫోన్లు తీసేలోపే అది కీసర వైపు వెళ్లిపోతుంది. దాని ధర ఎంత, అంత ఎందుకు అన్న ప్రశ్న మాత్రం టీ దుకాణం దగ్గర చాలాసేపు నలుగుతుంది.

ప్రపంచంలో ఇంతవరకు బహిరంగంగా తెలిసినంతలో అత్యధిక ధర పలికిన కారు 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉహ్లెన్‌హాట్ కూపే. తయారైనవే రెండు. అందులో ఒకటి 2022 మే నెలలో జర్మనీలో జరిగిన వేలంలో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. అప్పటి మారకం ప్రకారం సుమారు 1,100 కోట్ల రూపాయలు. అది వాహనం ధర కాదు, చరిత్ర ధర. కొత్త కార్ల విషయానికి వస్తే బుగాటీ సంస్థ 2019లో జెనీవాలో ప్రదర్శించిన ‘లా వాచ్యూర్ నోయిర్’ ఒకే ఒక్కటి తయారైంది. పన్నులు కాకుండానే దాని ధర 1.1 కోట్ల యూరోలు. అదే సంస్థ 2010లో వేరాన్ కారును మన దేశ విపణిలోకి తెచ్చినప్పుడు 16 కోట్ల రూపాయల ధర విని దేశమంతా నోరు వెళ్లబెట్టింది.

తెలుగువారికి ఈ ముచ్చట కొత్తదేమీ కాదు. హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లాండుకు ఆర్డరు పెట్టిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, ఆయన 1911లో కన్నుమూసిన తరువాత గానీ రాలేదు. పసుపు రంగు వేసి, వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం అమర్చిన ఆ కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉంది. 1947 నాటికి అది తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే దాదాపు 570 కిలోమీటర్లు. మన నందిగామ మీదుగా హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగి వస్తే అయ్యే దూరం అటూఇటుగా అంతే. ఒక లారీ డ్రైవరు ఒక్క ట్రిప్పులో పూర్తిచేసే దూరానికి ఆ రాజవాహనానికి ముప్పయి అయిదేళ్లు పట్టిందన్నమాట.

వేయి గుర్రాలు ఎందుకు?

వేరాన్ శక్తి 1001 అశ్వశక్తి. మన పొలాల్లో దున్నే 45 అశ్వశక్తి ట్రాక్టర్లు ఇరవై రెండింటిని ఒకచోట కట్టినట్లు. పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, వేడిని వదిలించేందుకు పది రేడియేటర్లు. ఇంత అవసరమా అంటే, అవసరమే. కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డగింపు నాలుగు రెట్లవుతుంది; దానిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 400కు చేరాలంటే గాలిని చీల్చడానికే 64 రెట్ల శక్తి కావాలి. 2019లో బుగాటీ చిరాన్ నమూనా కారు జర్మనీలోని పరీక్షా మార్గంపై 490 కిలోమీటర్ల వేగం దాటింది. వేరాన్ పూర్తి వేగంతో పరుగెడితే ట్యాంకులోని వంద లీటర్ల పెట్రోలు సుమారు 12 నిమిషాల్లో, టైర్లు 15 నిమిషాల్లో అయిపోతాయని లెక్క. టైరు పేలేలోపే పెట్రోలు అయిపోవడం ఒక విధంగా అదృష్టమే.

శరీరాన్ని ఇనుముతో కాక కార్బన్ ఫైబర్‌తో చేస్తారు. సన్నని కార్బన్ దారాలతో నేసిన బట్టను జిగురులో తడిపి, అచ్చులో పొరలుగా పరచి, ఒత్తిడితో కూడిన పొయ్యిలో ఉడికిస్తారు. తేలిక, గట్టిదనం రెండూ వస్తాయి. పని మాత్రం మనుషుల చేతులతోనే, అందుకే ఖరీదు. రోల్స్‌రాయిస్ వంటి కార్లలో వేగం కన్నా సుఖానికే ప్రాధాన్యం. ఆసనాలకు ఆవు తోలు వాడరు. ఈనిన ఆవు తోలుపై సాగిన చారలుంటాయని కోడెల తోలునే ఎంచుతారు. ముళ్లకంప గీతలు, ఈగ కాట్లు ఉంటే పనికిరాదు. కాబట్టి మన ప్రాంతపు పశువులకు ఆ బెడద లేదు.

పన్నుల బరువు

తయారీ ధర ఒక ఎత్తయితే, మన దేశంలో ఆ పైన పడేది మరో ఎత్తు. 40 వేల డాలర్లకు మించిన విలువ గల కారును పూర్తిగా తయారైన రూపంలో దిగుమతి చేసుకుంటే 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు, వెరసి 110 శాతం పడుతుంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో పేర్లు మారాయి గానీ మొత్తం మారలేదు. ఆ పైన జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి పరిహార సెస్సు తొలగించి పెద్ద కార్లకు 40 శాతం చేశారు. రేవుకు చేరేసరికి కోటి రూపాయల విలువ గల కారు సుంకంతో 2.10 కోట్లు, జీఎస్టీతో 2.94 కోట్లు అవుతుంది. డీలరు లాభం, జీవితకాల పన్ను, బీమా దీనికి అదనం. రైతు పేరు చెప్పి వేసే సెస్సు విలాసపు కారుపై పడటం కొంత ఊరట కలిగించే సంగతే. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం పరిమిత సంఖ్యలో కార్లకు సుంకాన్ని దశలవారీగా 10 శాతానికి తగ్గించాలన్నది నిర్ణయం. రోల్స్‌రాయిస్, బెంట్లీ, మెక్‌లారెన్ అక్కడివే కావడం గమనార్హం.

నంబరుకూ మోజే. సినీనటుడు జూనియర్ ఎన్టీఆర్ 2021లో మూడు కోట్ల పైమాటైన లాంబోర్గిని ఉరుస్ కొని, దానికి 9999 నంబరు కోసం ఖైరతాబాద్ రవాణా కార్యాలయ వేలంలో 17 లక్షలు చెల్లించారు. ఆ సొమ్ము ఖజానాకే చేరింది. చిక్కంతా చేరని సొమ్ముతోనే. ఖరీదైన కార్ల విలువను తక్కువ చూపి సుంకం ఎగవేశారన్న అభియోగంపై హైదరాబాద్‌కు చెందిన ఒక డీలరును 2025 మే నెలలో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు అరెస్టు చేశారు. ఇటువంటి కారును తెలియక కొన్నవారికీ చిక్కు తప్పదు. సుంకం ఎగవేసిన సరుకును ఎవరి చేతిలో ఉన్నా జప్తు చేసే అధికారం కస్టమ్స్ శాఖకు ఉంది.

పాత విలాస కార్లు కొత్త ఇన్నోవా ధరకే వస్తున్నాయని ముచ్చటపడేవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. గరికపాడు చెక్‌పోస్టు దాటితే రాష్ట్రం మారుతుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అందుకు పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. బేరం కుదిరేముందే ఈ లెక్క వేసుకోవాలి.

నాలుగు వరుసలు చాలవు

2012లో నాలుగు వరుసలుగా సిద్ధమైన ఈ రహదారిపై కార్లకు గరిష్ఠ వేగపరిమితి గంటకు 100 కిలోమీటర్లు. నడిచి రోడ్డు దాటే మనిషికి ఒక వైపు దాటడానికి ఆరు సెకన్లు పడుతుందనుకుంటే, వంద వేగంతో వచ్చే కారు ఆలోపు 165 మీటర్లు, రెండు వందల వేగంతో వచ్చేది 330 మీటర్లు వస్తుంది. పల్లె మనిషి కన్ను లారీ వేగానికి అలవాటు పడింది. దూరంగా ఉందిలే అనుకున్న కారు అంతలోనే మీదకు వస్తుంది. బ్రేకు వేసినా రెట్టింపు వేగానికి ఆగే దూరం నాలుగు రెట్లు. 2014 డిసెంబరు 6న ఇదే రహదారిపై మునగాల సమీపంలోని ఆకుపాముల వద్ద నిర్మాత నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టరును ఢీకొని ఆయన మృతి చెందారు. 2017 మే నెలలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని ఢీకొన్నది కోట్ల విలువైన మెర్సిడెస్. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా అందులో ఉన్న మంత్రి పి.నారాయణ కుమారుడు, ఆయన స్నేహితుడు దక్కలేదు.

హైవే దిగితే ఈ కార్ల కథ వేరు. నేలకూ కారుకూ మధ్య ఎడం పది, పన్నెండు సెంటీమీటర్లే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం వేసిన స్పీడ్‌బ్రేకరు ఎత్తే పది సెంటీమీటర్లు. నిబంధన చూడకుండా పల్లెల్లో వేసుకున్నవి ఎంత ఎత్తో చెప్పనక్కర్లేదు. కొన్ని కార్లలో మీట నొక్కితే ముందుభాగం కాస్త లేస్తుంది. అయినా మెల్లగా, ఏటవాలుగా ఎక్కించాల్సిందే. నీరు మరీ ప్రమాదం. 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం వద్ద ఇదే హైవే మునిగినప్పుడు లారీలే ఆగిపోయాయి. గాలి తీసుకునే మార్గం కిందుగా ఉన్న కారు ఇంజిన్‌లోకి నీరు పీల్చితే పిస్టన్లు బిగుసుకుని లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమాలో ఈ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. ఇంజిన్ రక్షణ పేరిట ప్రత్యేకంగా ప్రీమియం కట్టి ఉండాలి. ఇది కోట్ల కారుకే కాదు, అయిదు లక్షల కారుకూ వర్తిస్తుంది.