కాగితమూ, గాజుతెరా

ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. ఈ రెండింటితోను కాగితానికి చుట్టరికమున్నది. పూర్వం నూలుగుడ్డ పేలికలను నానబెట్టి, దంచిన గుజ్జుతో కాగితం చేసేవారు. పత్తిలో అధికభాగం సెల్యులోజ్ కనుక అట్టి కాగితం శతాబ్దాలు నిలుస్తుంది. కలపగుజ్జుతో చేసిన చౌకరకపు కాగితమో, అందులోని లిగ్నిన్ వల్ల పసుపెక్కి, ఆమ్లం వల్ల పెళుసై విరిగిపోతుంది.

మన ఇండ్లలోని పాత ఉర్దూ, తెలుగు ఉత్తరాలు, సంచికలు ఎన్నో ఇట్లే శిథిలమౌతున్నవి. వాటిని సెల్‌ఫోనుతోనైనా పుటపుటా చిత్రాలుగా తీసి ఉంచటం విద్యార్థుల కర్తవ్యం. 2013లో ఆరంభమైన రేఖ్తా వెబ్‌సైటు ఉర్దూ గ్రంథాలను ఈ విధంగానే పాఠకుల ముంగిటికి చేర్చింది.

అయితే, ప్రతి తీశామని మూలాన్ని పాత కాగితాల వానికి వేయరాదు. తాతగారి కలం ఒత్తిన గుర్తు గాజుతెరకు అందదు. ఆ ఉత్తరాన్ని ఎండ, చెమ్మ తగలకుండా మన నూలుగుడ్డలోనే చుట్టి దాచుకుందాం.