తెగిన చెవి తమ్మె - కుట్టించుకునే ముందు

మా మేనత్తకు పెళ్లిలో బుట్టకమ్మలు పెట్టారు. జత రెండు తులాలు. ముప్పై ఏళ్లు అవే పెట్టుకుంది. చెవి రంధ్రం ఏటేటా సాగింది. మొదట ఆవగింజంత ఉండేది. తర్వాత కందిగింజంత అయింది. తర్వాత గీతలాగా కిందికి దిగింది. ఒకరోజు మనవడిని ఎత్తుకుంటే వాడు కమ్మ పట్టి లాగాడు. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలింది.

గాయం మానింది. కానీ తమ్మె కలవలేదు. పెళ్లికి పోతే కొంగు చెవి మీదికి లాక్కునేది. "బోసి చెవితో నలుగురిలోకి ఎట్లా పోనే?" అనేది. ఇంట్లో మగవాళ్లు నవ్వారు. వాళ్లకు అది చిన్న విషయం. మనకు కాదు.

తెగిన తమ్మెను మళ్లీ కలపవచ్చు. ఇది కొత్త విద్య కూడా కాదు. మన దేశంలో సుశ్రుతుడి పేరుతో ఉన్న పాత వైద్య గ్రంథంలో చెవి తమ్మెలు అతికే పద్ధతులు 15 ఉన్నాయి. ఇప్పుడు ఈ పని ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లు చేస్తారు. పేరు విని భయపడకండి. చెవిలో ప్లాస్టిక్ ముక్క ఏమీ పెట్టరు. ఇక్కడ ప్లాస్టిక్ అంటే రూపం దిద్దడం అని అర్థం.

మరి గాయం మానినప్పుడు తమ్మె తనంతట తాను ఎందుకు కలవలేదు? మామిడి అంటు కట్టడం మీరు చూసే ఉంటారు. రెండు కొమ్మలను ఊరికే పక్కపక్కన పెట్టి కడితే అతకవు. రెండింటి బెరడు చెక్కాలి. పచ్చి మీద పచ్చి ఆనించి కట్టాలి. చెవి కూడా అంతే. చీలిన అంచుల మీద చర్మం పరుచుకుంది. చర్మానికి చర్మం అతకదు. డాక్టరు ఆ అంచుల చర్మాన్ని సన్నగా కోసి తీసేస్తారు. పచ్చి అంచులు రెండూ కలిపి కుట్టేస్తారు.

ఈ సంగతి తెలియక మా మేనత్త మోసపోయింది. పట్నంలో ఒక బ్యూటీ పార్లరు ముందు బోర్డు ఉంది. కుట్లు లేకుండా చెవులు అతికిస్తాం అని రాశారు. ఆమె వెళ్లింది. వాళ్లు చీలిక లోపల ఏదో మందు పూశారు. భగ్గున మండింది. అది ఆసిడ్ లాంటి మందు. అంచులు కాలి పచ్చి అయితే అతుక్కుంటాయని వాళ్ల లెక్క. ఆమెకు తమ్మె పుండు పడింది. నెల రోజులు చీము కారింది. పుండు మానాక అక్కడ గట్టి కండ లేచింది. రేగుపండంత అయింది. దురద, నొప్పి.

ఈ కండను డాక్టర్లు కీలాయిడ్ అంటారు. గాయం మానాక కూడా మచ్చ ఆగకుండా పెరగడమే ఇది. మనలాంటి నల్లని, చామనఛాయ చర్మం వాళ్లకు ఎక్కువగా వస్తుంది. చెవి తమ్మె, రొమ్ముల మధ్య, భుజం దీనికి ఇష్టమైన చోట్లు. కోసి పారేస్తే పోతుందనుకుంటాం. ఉత్తగా కోస్తే చాలామందికి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ఇంకా పెద్దదిగా వస్తుంది. కొన్ని వారాలకు ఒకసారి కండలోకే సూదులు వేయించుకోవాలి.

అందుకే ఆపరేషన్‌కు ముందు మీ ఒంటిని ఒకసారి చూసుకోండి. పాత గాయం, టీకా మచ్చ, ముక్కు కుట్టిన చోటు ఎక్కడైనా ఇలా ఉబ్బిందా? మీ అమ్మకు, అక్కచెల్లెళ్లకు ఉందా? ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. షుగరు ఉన్నా చెప్పండి. గుండె జబ్బుకు రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ చీటీ తీసుకుపోండి. వాటిని మీ అంతట మీరు మానకండి. చుట్ట తాగే అలవాటు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే అమ్మలు ఎందరో ఉన్నారు. పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందదు, కుట్లు ఆలస్యంగా మానతాయి.

పట్నాల్లో కొందరు ముఖం ముడతలు పోవాలని చర్మం లాగి కుట్టించుకుంటారు. వాళ్లు వెళ్లేది కూడా ఈ డాక్టర్ల దగ్గరికే. ఆ కోత పెద్దది, చెవి ముందు నుంచి చెవి వెనక్కి పోతుంది. మన పని దాని ముందు చాలా చిన్నది. అయినా అడగాల్సిన ప్రశ్నలు అవే. మీరు ఏం చదివారు? ఈ పని ఎన్నిసార్లు చేశారు? మచ్చ ఎట్లా ఉంటుంది? మందులకు, కుట్లు తీయడానికి డబ్బు వేరేనా? హైదరాబాదు ఉస్మానియా, విశాఖపట్నం కింగ్ జార్జి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ముందు అక్కడ అడిగి చూడండి.

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఇదివరకు మనం వేలిముద్ర వేసి వచ్చేవాళ్లం. ఇప్పుడు చదవండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. అడిగితే ఎవరూ కొట్టరు. ఏ చెవి, ఏం చేస్తారు, ఏం తేడా రావచ్చు, ఇవి అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఆ రోజు మామూలుగా పూర్తి మత్తు ఇవ్వరు. తమ్మెకు మాత్రం సూది వేస్తారు. ఆ సూది చురుక్కుమంటుంది. తర్వాత నొప్పి తెలియదు. మాట్లాడుతూనే ఉండవచ్చు. పని అయ్యాక మామూలుగా అదే రోజు ఇంటికి పోవచ్చు. కుట్లు వారం, పది రోజులకు తీస్తారు. అందాకా తడి తగలనివ్వకండి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకండి. ఎర్రబడి వాచినా, చీము పట్టినా అదే రోజు ఆసుపత్రికి పోండి.

గొలుసు దొంగలు లాగినా, పిల్లలు లాగినా తమ్మె అప్పటికప్పుడు తెగితే సంగతి వేరు. అంచులు ఇంకా పచ్చిగానే ఉంటాయి. శుభ్రమైన నీళ్లతో కడగండి. ఉతికిన గుడ్డతో అదిమి పట్టండి. ఆ రోజే కుట్టించుకోండి. ధనుర్వాతం సూది కావాలా అని అడగండి.

కుట్టిన చెవికి వెంటనే కమ్మ పెట్టకూడదు. రెండు, మూడు నెలలు ఆగాలి. కొత్త రంధ్రం పాత మచ్చ మీద కాదు, పక్కన కుట్టించాలి. జాతరలో అందరికీ వాడే సూదితో వద్దు. దాంతో కామెర్ల జబ్బులు అంటుకోవచ్చు. గిల్టు కమ్మలు పెడితే కొందరికి చెవి పొక్కి రసి కారుతుంది. అలాంటివి మానాలి. బరువైనవి పండగ పూట పెట్టుకుని, రాత్రి తీసేయాలి. బుట్టలు పెట్టుకునేప్పుడు మాటీలు కూడా తగిలిస్తే బరువు జుట్టు మోస్తుంది.

మా మేనత్త కుడి చెవి రంధ్రం కూడా బాగా సాగి ఉంది. దాన్నీ కుట్టమని పెద్దాసుపత్రి డాక్టరమ్మను అడిగింది. "ఒక చెవికి కండ లేచింది కదమ్మా, రెండోదానికీ లేవవచ్చు. ఇంకా తెగలేదు కదా, ఉండనిద్దాం" అని ఆమె చెప్పింది. ఇప్పుడు ఎడమ చెవి కండలోకి సూదులు వేయించుకుంటోంది. కండ కొంచెం మెత్తబడింది. బుట్టకమ్మలు కోడలికి ఇచ్చేసింది, మాటీలతో సహా.