చిన్న ఊరి పెద్ద జట్టు

జర్మనీ దేశపు పశ్చిమభాగంలో, రైన్ నదీతీరాన వెలసిన కొలోన్ మహానగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గుమ్మర్స్‌బాఖ్ అనే పట్టణం ఉంది. చుట్టూ అడవులు కప్పిన చిన్న చిన్న కొండలు. జనాభా నేటికీ 50,000కు అటూ ఇటూ మాత్రమే. దేశదేశాల యాత్రికులను ఆకర్షించే రాజప్రాసాదాలు గాని, సుప్రసిద్ధమైన ప్రార్థనాలయాలు గాని అక్కడ లేవు. అయినప్పటికీ హ్యాండ్‌బాల్ క్రీడతో పరిచయమున్న ఐరోపావాసులకు ఆ ఊరి పేరు చిరపరిచితం. ఆ పట్టణపు క్లబ్బు పన్నెండుసార్లు జర్మనీ విజేతగా, ఐదుసార్లు ఐరోపా విజేతగా నిలిచింది. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత ఈ ఊరికి అతికినట్లు సరిపోతుంది. ఆ కూత వెనుక ఎంత శ్రమ, ఎంత దుఃఖం ఉన్నాయో తెలుసుకోవాలంటే ముందుగా ఆ ఆట స్వరూపాన్ని గ్రహించాలి.

హ్యాండ్‌బాల్ పేరుకు తగినట్లు చేతితో ఆడే ఆట. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ఆటస్థలంలో ఒక్కొక్క పక్షాన గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు తలపడతారు. ఒక్కొక్కటి 30 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఆట సాగుతుంది. బంతిని పట్టినవాడు దానిని నేలకు కొట్టకుండా మూడు అడుగులకు మించి వేయరాదు; మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోరాదు. గోల్ ఎదుట ఆరు మీటర్ల దూరంలో వంపు తిరిగిన గీత ఒకటి ఉంటుంది. ఆ గీత లోపలి చోటు గోల్‌కీపర్‌ది. ఇతరులెవరూ అక్కడ కాలు మోపరాదు. అయితే గీతకు వెలుపలి నుంచి ఎగిరి, గాలిలో ఉండగానే బంతిని విసరవచ్చును. ఈ ఆట సొగసంతా ఈ ఒక్క నియమంలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు. గంటకు 100 కిలోమీటర్లు మించిన వేగంతో బంతి గోల్ వైపు దూసుకుపోతుంది. ఎదురువారు తమ దేహాలనే గోడగా కట్టి అడ్డుకుంటారు. ఎగరడం, ఢీకొనడం, పడడం ఈ ఆటలో నిత్యకృత్యాలు. ఈ మాట గుర్తుంచుకోవలసినది. ఈ చరిత్రలోని అతి విషాదకరమైన ఘట్టానికి మూలం అక్కడే ఉంది.

గుమ్మర్స్‌బాఖ్ క్లబ్బు 1861లో వ్యాయామ సంఘంగా పుట్టింది. ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ నగరం చెంత బహిరంగ వ్యాయామస్థలాన్ని నెలకొల్పిన తరువాత జర్మనీ అంతటా ఇటువంటి సంఘాలు క్రమంగా వెలిశాయి. ఊరిలోని యువకులు సభ్యులుగా చేరి, చందాలు చెల్లించి, తమలో తామే నాయకులను ఎన్నుకొని నడుపుకొనే సంఘాలవి. క్లబ్బు పేరులోని వి.ఎఫ్.ఎల్. అనే అక్షరాలకు అర్థం కూడా ‘దేహవ్యాయామాల సంఘం’ అనియే. నాటికి హ్యాండ్‌బాల్ ఇంకా పుట్టనే లేదు. డెన్మార్క్ దేశంలో 19వ శతాబ్దాంతాన ఇటువంటి ఆట ఒకటి రూపుదిద్దుకొన్నది. జర్మనీలో 1917లో మాక్స్ హైజర్ స్త్రీల కోసం ఒక నియమావళిని రచించగా, కార్ల్ షెలెంజ్ దానిని 1919లో సంస్కరించి పురుషులకూ అనువైన వేగవంతమైన ఆటగా మలిచాడు. అప్పటి హ్యాండ్‌బాల్‌ను ఫుట్‌బాల్ మైదానంలో, పక్షానికి పదకొండుగురు చొప్పున ఆడేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆడినది ఆ మైదానపు ఆటయే. కాలక్రమేణ చలిదేశాల శీతకాలానికి అనువుగా, పైకప్పు గల మందిరంలో ఏడుగురు ఆడే పద్ధతి దానిని వెనుకకు నెట్టింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నాటికి ఈ మందిరపు ఆటయే హ్యాండ్‌బాల్‌గా స్థిరపడింది.

ఈ మార్పు చిన్న ఊళ్ళకు వరమైంది. ఫుట్‌బాల్ పెద్ద నగరాల సొత్తు. వేలాది ప్రేక్షకులు, విశాలమైన స్టేడియం లేనిదే అందులో రాణించడం కష్టం. హ్యాండ్‌బాల్‌కు ఒక క్రీడామందిరం, పట్టుదల గల పదిహేనుమంది యువకులు, శ్రద్ధ గల శిక్షకుడు ఉంటే చాలును. అందుచేతనే గ్యోపింగెన్, లెమ్‌గో వంటి మధ్యతరహా పట్టణాలు ఈ క్రీడలో మహానగరాలను తలదన్నాయి. బవేరియాలోని గ్రోస్‌వాల్‌స్టాట్ అనే గ్రామం 1979, 1980 సంవత్సరాలలో వరుసగా ఐరోపా కప్పునే గెలుచుకొన్నది. ఆ వరుసలో అగ్రగణ్యమైనది గుమ్మర్స్‌బాఖ్.

ఆ క్లబ్బు 1966లో మొదటిసారి పశ్చిమ జర్మనీ విజేత అయింది. ఆ ఏడాదే బుండెస్‌లీగా అనే జాతీయ లీగ్ మొదలు కాగా, 1967లో దాని తొలి విజేతగానూ నిలిచింది. అదే సంవత్సరం డార్ట్‌మండ్ నగరంలో చెకొస్లోవేకియాకు చెందిన డుక్లా ప్రాగ్ జట్టును ఓడించి ఐరోపా కప్పును తెచ్చుకొన్నది. ఊరిలోని చిన్న మందిరంలో ఇటువంటి ఆటలకు వచ్చే జనం పట్టరు గనుక పెద్ద పోటీలకు డార్ట్‌మండ్ మహామందిరానికి తరలిపోవలసి వచ్చేది. క్లబ్బు హ్యాండ్‌బాల్ విభాగాన్ని దశాబ్దాలపాటు నడిపిన ఓయిగెన్ హాస్ పేరును ఊరివారు తరువాత తమ పాత మందిరానికి పెట్టుకొన్నారు.

ఈ తొలి విజయాలకు మూలస్తంభం హాన్సీ ష్మిట్. ఆయన 1942లో రొమేనియాలోని బానాట్ ప్రాంతంలో, తరతరాలుగా అక్కడ స్థిరపడిన జర్మన్ భాషీయుల కుటుంబంలో జన్మించాడు. బుఖారెస్ట్ నగరపు స్టియావా జట్టులో ఆడుతూ రొమేనియా జాతీయ జట్టుకు ఎదిగాడు. నాటి రొమేనియాలో దేశం విడిచిపోవడానికి పౌరులకు స్వేచ్ఛ లేదు. 1963లో జట్టుతో పశ్చిమ జర్మనీకి వచ్చినప్పుడు ఆయన తిరిగి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయాడు. కన్నవారిని, కన్న ఊరిని, సంపాదించుకొన్న కీర్తిని ఒక్కసారిగా వదలుకొన్న ఆ ఇరవయ్యొక్క ఏళ్ళ యువకునికి గుమ్మర్స్‌బాఖ్ ఆశ్రయమిచ్చింది.

ష్మిట్ ఆటలో ఒక ప్రత్యేకత ఉండేది. ఎగిరి బంతి విసరడం అందరూ చేసేదే. విసిరేవానితోపాటు అడ్డుకొనేవారూ చేతులు చాచి ఎగురుతారు. ష్మిట్ ఎగిరిన తరువాత వెంటనే బంతిని విసరక, చేతిని వెనుకకు చాచి గాలిలోనే ఒక్క క్షణం ఆగినట్లు కనిపించేవాడు. ఎదురువారు అప్పటికే నేలకు దిగుతూ ఉండేవారు. గోల్‌కీపర్ ఒక వైపుకు ఒరిగి ఉండేవాడు. అప్పుడు బంతి ఆయన చేతి నుంచి వెలువడేది. బలం కంటె ఓర్పు గొప్పదని నిరూపించిన ఆ విన్యాసాన్ని తరువాతి తరాలవారు అభ్యసించారు.

1971 ఐరోపా కప్పు తుదిపోటీలో విధి వింత నాటకమాడింది. గుమ్మర్స్‌బాఖ్‌కు ఎదురు నిలిచినది స్టియావా జట్టు, అనగా ష్మిట్ విడిచివచ్చిన జట్టే! ఒక్క గోల్ తేడాతో, 17-16గా, గుమ్మర్స్‌బాఖ్ గెలిచింది. ఆయన ఈ క్లబ్బుతో ఏడుసార్లు జాతీయ విజేత, నాలుగుసార్లు ఐరోపా విజేత అయ్యాడు. రొమేనియా తరఫున 18, పశ్చిమ జర్మనీ తరఫున 98 అంతర్జాతీయ పోటీలు ఆడాడు. ఇంతటి క్రీడాకారుడూ జీవనాధారానికి బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడంటే నాటి క్లబ్బుల తీరు బోధపడుతుంది. ఆయన 2023లో కన్నుమూశాడు.

1973 నుంచి 1976 వరకు వరుసగా నాలుగేళ్ళు జాతీయ విజేత పట్టం గుమ్మర్స్‌బాఖ్‌దే. ఆ ఊరిలోనే పుట్టి పెరిగిన హైనర్ బ్రాండ్ రక్షణపంక్తికి పెట్టనికోట. ఆయన 1978లో ఆటగాడుగా, 2007లో శిక్షకుడుగా ప్రపంచ విజేత అయ్యాడు. 2007 విజయం తరువాత జర్మన్ ఆటగాళ్ళందరూ ఆయన గుబురుమీసాన్ని అనుకరిస్తూ పెట్టుడు మీసాలతో సంబరం జరుపుకొన్నారు.

బ్రాండ్‌తోపాటు ఆడినవారిలో యోఆఖిమ్ డెకార్మ్ ఒకడు. 1954లో సార్‌బ్రుకెన్ నగరంలో జన్మించిన ఆయన 1973లో గుమ్మర్స్‌బాఖ్‌కు వచ్చాడు. ప్రత్యర్థుల వ్యూహాన్ని ముందుగా పసిగట్టడంలో ఆయనకు సాటి లేరని పేరు. దేశం తరఫున 104 పోటీలలో 381 గోల్స్ చేశాడు. 1978లో కోపెన్‌హాగెన్‌లో సోవియట్ యూనియన్‌ను 20-19 తేడాతో ఓడించి ప్రపంచ విజేతగా నిలిచిన జట్టుకు ఆయనే ఆయువుపట్టు.

మరుసటి సంవత్సరం మార్చి 30వ తేదీన హంగరీలోని టాటాబాన్యా పట్టణంలో గుమ్మర్స్‌బాఖ్ ఐరోపా స్థాయి సెమీఫైనల్ ఆడుతున్నది. బంతితో ముందుకు దూసుకుపోతున్న డెకార్మ్, ఎదురుగా వచ్చిన హంగరీ ఆటగాడు ఢీకొన్నారు. అందులో ఎవరి దోషమూ లేదు. ఆ ఆటలో అటువంటివి నిమిషానికొకటి జరుగుతాయి. కాని తలకు తగిలిన ఆ దెబ్బకే డెకార్మ్ స్మారకం కోల్పోయాడు. స్పృహలో ఉన్నవాడు పడేటప్పుడు అప్రయత్నంగా చేతులు అడ్డుపెట్టుకొంటాడు. స్పృహ లేని ఆ దేహం మొద్దువలె కూలి, తల నేరుగా నేలను తాకింది. ఆ నేల కాంక్రీటుది. దానిపై పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే పరచి ఉంది. పుర్రె చిట్లింది. మెదడు తీవ్రంగా గాయపడింది.

131 రోజులపాటు డెకార్మ్ కళ్ళు తెరవలేదు. ఆ వసంతంలోనే క్లబ్బు ఆ కప్పును గెలుచుకొన్నది గాని, ఆ విజయాన్ని ఆయన ఎరుగడు. మేలుకొన్న తరువాత ఆ పాతికేళ్ళ ప్రపంచ విజేత మాట్లాడడం, కూర్చోవడం, అడుగు వేయడం శిశువు వలె మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. 1982 నుంచి సార్‌బ్రుకెన్‌లో వెర్నర్ హ్యూర్టర్ అనే శిక్షకుడు, ఒకప్పుడు ఆటగాళ్ళకు నేర్పిన ఓర్పుతోనే, ఏళ్ళ తరబడి ఆయనకు అభ్యాసం చేయించాడు. తల్లి దగ్గరుండి సాకింది. చికిత్స కోసం జర్మన్ క్రీడా సహాయ సంస్థ ఆయన పేరిట నిధిని ఏర్పాటు చేసింది. పూర్వస్థితి రాలేదు. అయినా కొద్దికొద్దిగా మాట వచ్చింది, ఆసరాతో నడక వచ్చింది. 2002లో ఆయన తిరిగి గుమ్మర్స్‌బాఖ్ చేరాడు. పాత సహచరులు ఆయనను చూడడానికి వెళ్ళేవారు; ఆటలకు వెంటబెట్టుకొని వెళ్ళేవారు. అనేక సంవత్సరాలు అక్కడ గడిపిన తరువాత ఆయన తన స్వస్థలానికి తరలివెళ్ళాడు. గెలిచిన కప్పుల లెక్క పుస్తకాలలో ఉంటుంది. ఆ ఊరివారు క్లబ్బును గురించి చెప్పుకొనేటప్పుడు డెకార్మ్ పేరు మాత్రం పుస్తకం చూడకుండానే వస్తుంది.

క్లబ్బు నిలదొక్కుకొన్నది. రెండు మీటర్లకు పైబడిన ఎత్తు గల ఎర్‌హార్డ్ వుండర్లిఖ్, ‘మాంత్రికుడు’ అని పేరుబడ్డ గోల్‌కీపర్ ఆండ్రియాస్ థీల్ కొత్త తరానికి నాయకులయ్యారు. 1983లో గుమ్మర్స్‌బాఖ్ జాతీయ లీగ్‌ను, జాతీయ కప్పును, ఐరోపా కప్పును ఒకే ఏడాదిలో గెలిచింది. 1985, 1988, 1991 సంవత్సరాలలోనూ జాతీయ విజేత అయింది. అటుపిమ్మట ఆ పట్టం మరి దక్కలేదు.

కారణం వెదకడం కష్టం కాదు. హ్యాండ్‌బాల్ పూర్తిగా వృత్తిక్రీడ అయింది. బడిలో పాఠం చెప్పి సాయంకాలం ఆడే ఉపాధ్యాయుల కాలం ముగిసింది. ఆటగాళ్ళు జీతం ఎక్కువ ఇచ్చే క్లబ్బులకు దేశాంతరాల నుంచి వచ్చి చేరసాగారు. కీల్, ఫ్లెన్స్‌బుర్గ్ వంటి నగరాలు పెద్ద మందిరాలతో, బలమైన వ్యాపారసంస్థల అండతో ముందుకు సాగాయి. పెద్ద పోటీలను గుమ్మర్స్‌బాఖ్ కొన్నేళ్ళు కొలోన్ మహామందిరంలో ఆడి చూసింది. జనం వచ్చారు. కాని సొంత ఊరి జట్టును చూడడానికి 50 కిలోమీటర్లు పోవలసిరావడం ఊరివారికి రుచించే విషయం కాదు. అప్పుల బాధ తరచుగా వెంటాడింది. ఆ నడుమ 2009, 2010, 2011 సంవత్సరాలలో ఐరోపా స్థాయి రెండవశ్రేణి కప్పులను వరుసగా మూడింటిని గెలవడం ఆరిపోతున్న దీపం ఒక్కసారి వెలిగినట్లుండింది.

2013లో ఊరి నడిబొడ్డున, బాయిలర్లు తయారుచేసే స్టైన్‌ముల్లర్ కర్మాగారం ఒకప్పుడు ఉండిన స్థలంలో కొత్త మందిరం వెలసింది. తరతరాలుగా ఊరికి కూడు పెట్టిన కర్మాగారం మూతపడిన చోట, ఊరికి పేరు తెచ్చిన జట్టుకు నెలవు దొరికింది. సుమారు 4,000 మందికి అందులో చోటుంది. సైకిల్ టైర్ల వ్యాపారం చేసే ష్వాల్బే సంస్థ పేరు దానికి పెట్టారు. అయినా ఆట మెరుగుపడలేదు. బుండెస్‌లీగా ప్రారంభమైన 1966 నుంచి 53 సంవత్సరాలు ఎడతెగకుండా పైశ్రేణిలో నిలిచిన ఒకే ఒక్క జట్టు 2019 జూన్‌లో చివరి ఆటను బీటిగ్‌హైమ్‌తో 25-25గా ముగించింది. నిలవడానికి ఆ ఫలితం చాలలేదు. గుమ్మర్స్‌బాఖ్ మొట్టమొదటిసారి రెండవశ్రేణికి దిగజారింది.

ఒకప్పుడు ఈ జట్టుకే ఆడిన ఐస్‌లాండ్ దేశీయుడు గుడ్‌యోన్ వాలుర్ సిగుర్డ్‌సన్ 2020లో శిక్షకుడుగా వచ్చాడు. ఖరీదైన ఆటగాళ్ళను కొనే స్తోమత లేదు గనుక యువకులను నమ్ముకొన్నాడు. రెండేళ్ళకు, 2022లో, జట్టు రెండవశ్రేణి విజేతగా పైకి ఎగబ్రాకింది. మరి రెండేళ్ళకు ఐరోపా పోటీలకు అర్హత సాధించింది. 2024 శరత్కాలంలో విదేశపు జట్లు బస్సులెక్కి మళ్ళీ ఆ కొండల నడుమకు రాసాగాయి.