గేదె చెవి ట్యాగ్ ఊడిపోయిందా? బీమా చేజారకముందే ఈ పని చేయండి

ఊళ్లో అమ్మానాన్నలు గేదెను మేపుతున్నారు. కంచెకు తగిలి దాని చెవికున్న పసుపు ట్యాగ్ ఊడిపోయిందని మీకు ఫోన్ వచ్చింది. ‘ప్లాస్టిక్ ముక్కే కదా’ అని వదిలేస్తే రేపు బీమా డబ్బు రాకుండా పోవచ్చు.

ట్యాగ్‌లో ఏముంటుంది?

దానిపై ఉండే 12 అంకెల సంఖ్యే పశు ఆధార్. యజమాని వివరాలు, వేసిన టీకాలు, కృత్రిమ గర్భధారణ, ఈతల సమాచారం అంతా ఆ నంబర్ కిందే ‘భారత్ పశుధన్’లో నమోదవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో కేంద్రం చట్టం చేసింది. తప్పనిసరి టీకా వేశాక పశువుకు పెట్టిన గుర్తును తొలగించకూడదని అది చెబుతోంది. చెవి ట్యాగ్ కూడా అలాంటి గుర్తే. చెవి పుండు పడినా మీరే కత్తిరించొద్దు, పశువైద్యుడికి చూపించండి.

కొత్తది ఎలా వేయించాలి?

* దగ్గర్లోని పశువైద్యశాలలో చెప్పండి. ఏపీలో రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకులను కూడా అడగొచ్చు.
* పాత నంబర్ ఇవ్వండి. గుర్తు లేకపోతే టీకా కార్డులోనో, బీమా పాలసీలోనో చూడండి. అక్కడా లేకపోతే నమోదు సమయంలో ఇచ్చిన మొబైల్ నంబర్‌తో వెతకమనండి.
* ఊడిన ట్యాగ్‌ను మళ్లీ బిగించడం కుదరదు. కొత్త ట్యాగ్‌కు కొత్త నంబర్ ఉంటుంది. దాన్ని కొత్త పశువుగా కాకుండా ‘ట్యాగ్ మార్పు’గా నమోదు చేయమని అడగండి. అప్పుడే పాత టీకాల రికార్డు కొత్త నంబర్‌తో కలుస్తుంది.

బీమా ఉంటే?

‘ట్యాగ్ లేకుంటే క్లెయిమ్ లేదు’ అనేది పశు బీమా పాలసీల్లో సాధారణంగా కనిపించే షరతు. పశువు చనిపోతే క్లెయిమ్ పత్రాలతో పాటు ట్యాగ్‌నూ అప్పగించాలి. అందుకే ట్యాగ్ పోయిన వెంటనే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. కొత్తది వేయించాక ఆ నంబర్‌ను పాలసీలో ఎక్కించుకుని, రుజువు దాచుకోండి. ఆఫీసులో ట్యాగ్ మార్పు నమోదైనంత మాత్రాన పాలసీలో నంబర్ మారిపోయిందనుకోవద్దు. ఈ రెండూ వేర్వేరు పనులు.

ట్యాగ్ ఇంకా చెవికే ఉందా? అయితే నంబర్ కనిపించేలా గేదె ఫొటో ఒకటి తీసి పంపమని ఇవాళే ఇంటికి ఫోన్ చేయండి.